కేతిగాడు ఎవరి పక్షం?

కిందటి సంవత్సరం మా కళాశాల విద్యార్థులు కొందరు ఒక చిన్న నాటిక వేయదలిచారు. దొంగస్వాముల మీద, ఆశ్రమం పేరుతో పేదల పొలాలు కాజేసేవాళ్ళ మీద నాటిక. తిరుపతి చుట్టుపక్కల ఈ వస్తువుకు కొరత లేదు; ధైర్యానికే కొంచెం కొరత. ఆ ధైర్యంలో నాకూ వాటా వుండాలని రచన నేనే నెత్తిన వేసుకున్నాను. స్వామిని నిలదీసే పాత్ర ఎవరైతే బాగుంటుందని ఆలోచించి, తోలుబొమ్మలాటలోని కేతిగాణ్ణి పట్టుకొచ్చాను. కేతిగాడు వచ్చాక బంగారక్క రాకుండా వుండదు గదా, ఆమెనూ తెచ్చాను. రాసింది నాకు నచ్చింది. ఇద్దరు ముగ్గురు మిత్రులకు వినిపిస్తే వాళ్ళూ కడుపుబ్బ నవ్వారు.

మొదటి రిహార్సలు నాడు బంగారక్క వేషం వేయవలసిన అమ్మాయి కాగితాలన్నీ చదివి బల్లమీద పెట్టి, "నేను వెయ్యను సార్" అంది. ఎందుకని అడిగాను.

"కేతిగాడు సామిని ఒక మాటంటే బంగారక్కను పది మాటలంటా వుండాడు. ఆ ఒక్క మాటకు నగేవాళ్ళెవురు సార్, ఈ పది మాటలకు నగేవాళ్ళెవురు?"

"అది జానపద సంప్రదాయమమ్మా" అన్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి జవాబు తోచనప్పుడు సంప్రదాయం గుర్తొస్తుంది. ఆ అమ్మాయి వాదించలేదు. "సరే సార్" అని వెళ్ళిపోయింది. వాదించివుంటే గెలిచేవాణ్ణేమో, వాదించకపోవడంవల్ల ఆ ప్రశ్న నాతోనే వుండిపోయింది.

ఈ పత్రిక చదివే మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. పెద్దమనుషుల మర్యాదను ధిక్కరించే ప్రతి నవ్వూ మన పక్షమేనన్నది ఆ నమ్మకం. శిష్టులు బూతని, మోటని తోసివేసినదాన్నల్లా మనం ప్రజల సొత్తని చేరదీశాం. ఇందులో న్యాయం లేకపోలేదు. అశ్లీలమనే మాటను పైవర్గాలు ఎప్పుడూ తమ అవసరాన్నిబట్టే వాడుకున్నాయి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయిస్తే, 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. అంతకు తక్కువ పచ్చిగా లేని శృంగారకావ్యాలను పురుషులు రాశారు, పురుషులు పరిష్కరించారు, పండితులు మెచ్చుకున్నారు. కనక అశ్లీలమన్న నింద వినగానే, నిందించేవాడి జేబులో ఏముందో చూడడం మంచి అలవాటే. కాని ఆ అలవాటు ముదిరి ఇంకొకటైంది. మోటుగా వుంటే చాలు, అది తిరుగుబాటే అనుకోవడం మొదలుపెట్టాం. నేను ఆ నాటిక రాసింది ఈ అలవాటులోనే.

ఇంతకూ కేతిగాడెవడు?

నేను తోలుబొమ్మలాట చూసింది ఒక్కసారే, పలమనేరు దగ్గర మా అవ్వ వూళ్ళో, ఏడెనిమిదేళ్ళ వయసులో. తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర. ఒకప్పుడు దాని వెనక ఆముదపు దీపాలుండేవట, తర్వాత పెట్రోమాక్సు వచ్చింది. నేను చూసేనాటికి కరెంటు బల్బు వేలాడుతున్నది. మేకతోలును పలచగా గీకి, అద్దంలాగా వెలుతురు దూరేట్టు చేసి, నగలకూ బట్టలకూ చిల్లులు పొడిచి, రంగులద్దిన బొమ్మలు. మన తెలుగు తోలుబొమ్మలు పెద్దవి. రాముడూ రావణుడూ ఇంచుమించు మనిషెత్తు వుంటారు. రావణుడి కొలువు, గంభీరమైన రాగం, రంగనాథ రామాయణపు ద్విపద. నిద్ర ముంచుకొచ్చే సమయానికి తెర కింది మూలనుంచి గిలకలాగా ఒక చిన్న బొమ్మ ఎగిరి పడుతుంది. వాడే కేతిగాడు. వాడికి ద్విపద లేదు, రాగం లేదు. మా వూరి మాట మాట్లాడుతాడు. రావణుడి కొలువులో నిలబడి మా వూరి వడ్డీ వ్యాపారి లెక్క చెబుతాడు. వెనకాలే బంగారక్క, ఆమె వెంట జుట్టుపోలిగాడు. కొన్ని మేళాల కేతిగాడి బొమ్మకు దాచవలసిన అంగాన్ని దాచరు, పైగా కదిలేట్టు చేస్తారు. దాన్ని చూసి ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతారు, తల వంచుకుని నవ్వరు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రాముడికి గ్రంథముంది. కేతిగాడికి గ్రంథం లేదు. రామకథ చెప్పేవాడు దారి తప్పితే వినేవాళ్ళు సరిదిద్దుతారు. కేతిగాడు దారి తప్పడానికే వచ్చాడు. ఏ వూళ్ళో ఏం మాట్లాడాలో ఆ సాయంత్రం ఆ వూరి టీ అంగడి దగ్గర తెలుసుకుంటాడు. రాతలోకి రానివాణ్ణి నిషేధించడం కష్టం. ఆడించేవాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ తెర వెనక తెలుగు పాడే సంచారులు. తెల్లవారితే వూరు దాటిపోతారు. వాడి ధైర్యంలో కొంతభాగం ఈ ప్రయాణానిదే.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషించవలసిన సంగతి. కాని ఈ కళతో బతికే కుటుంబాలకు ఇప్పుడు కూడు పెడుతున్నది ఆటకంటె లాంపుషేడ్ల అమ్మకమే. ఎగ్జిబిషన్లలో నేను చూసిన లాంపుషేడ్ల మీద రాముడున్నాడు, హనుమంతుడున్నాడు, నెమళ్ళున్నాయి. కేతిగాడు ఒక్కదానిమీదా కనబడలేదు. పెద్దమనుషుల హాల్లో వెలిగేందుకు వాడు పనికిరాడు గామాలు.

కేతిగాడి వంటివాడు మనకొక్కరికే లేడు. అమెరికాలో 1967లో రాబర్ట్ క్రంబ్ అనే బొమ్మలకథల రచయిత మిస్టర్ నేచురల్ అనే పాత్రను సృష్టించాడు. తెల్లటి పొడుగు గడ్డం, కాళ్ళదాకా జారే అంగీ. చూడడానికి అచ్చం మన కొండదారి సాధువు. తత్వం చెబుతాడు, డబ్బు తీసుకుంటాడు, స్త్రీల వెంట పడతాడు. ఫ్లేకీ ఫూంట్ అనే శిష్యుడొకడు బతుకు అర్థమేమిటని కాళ్ళావేళ్ళా పడుతుంటే వాణ్ణి ఏడిపించి పంపిస్తాడు. చిత్రమేమంటే ఈ గురువు వట్టి మోసగాడు కాడు. అప్పుడప్పుడు నిజం కూడా చెబుతాడు. తూర్పుదేశాల తత్వాన్ని కాఫీపొడిలాగా పొట్లాల్లో కొనుక్కోవచ్చుననుకున్న ఆనాటి అమెరికన్ యువకుల ముఖాన ఆ పాత్ర అద్దం పెట్టింది.

ఆ బొమ్మలకథలకు అజ్ఞాత సాహిత్యమనే పేరు వూరికే రాలేదు. 1954లో అక్కడి ప్రచురణకర్తలు పెద్దమనుషుల గొడవకు జడిసి తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. ఆ ముద్ర లేని పుస్తకం మామూలు అంగళ్ళకు చేరేది కాదు. క్రంబ్ మొదలైనవాళ్ళు ఆ అంగళ్ళనే వదిలేశారు. 'జాప్' పత్రిక మొదటి సంచికను 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో చంటిపిల్లల బండిలో పెట్టుకుని అమ్మారు. ఇంతవరకు మనకు నచ్చే కథే.

మిగతా కథ కూడా చెప్పాలి. యుద్ధాన్నీ పోలీసునూ డబ్బునూ వెక్కిరించిన ఆ కలాలే స్త్రీ శరీరాన్ని చీల్చి చెండాడాయి. క్రంబ్ గీసిన ఒక నల్లజాతి స్త్రీ పాత్ర అచ్చంగా జాతిద్వేషుల వూహలోని అడవిమనిషే. అది జాతిద్వేషం మీద వ్యంగ్యమని సమర్థించినవాళ్ళున్నారు. తన మనసులోని మురికినే అతను దాచకుండా బయటపెట్టాడని మరికొందరన్నారు. కాదనను, దాచుకోకపోవడం ఒక నిజాయితీ. అయితే మురికిని వీధిలో పోసినవాడి నిజాయితీ ఆ వీధిలో నడిచేవాళ్ళకు ఏ మేరకు పనికొస్తుందో తెలియదు. ఆ మాటను బాహాటంగా అన్నది ట్రీనా రాబిన్స్ అనే రచయిత్రి. సాటి ధిక్కారులే ఆమెకు హాస్యం తెలియదన్నారు. 1970లో ఆమె, మరికొందరు స్త్రీలు కలిసి పూర్తిగా స్త్రీలే రాసి గీసిన బొమ్మలకథల పుస్తకాన్ని తెచ్చారు. తిరుగుబాటుదారుల మీద తిరగబడవలసిన అవసరం మూడేళ్ళలోపే వచ్చిందన్నమాట.

హాస్యం తెలియదు! ఆ మాట చదివినప్పుడు మా నాటిక గుర్తొచ్చి సిగ్గేసింది. నేను ఆ అమ్మాయి ముఖాన ఆ మాట అనలేదుగాని, ఆమె వెళ్ళాక ఒక సహోద్యోగితో దాదాపు అదే అన్నాను.

మన దగ్గరా అంతే. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడిచేత ఆవిష్కరింపజేశారు. మర్యాదస్తుల సాహిత్య సభలకు అది చెంపపెట్టు. వాళ్ళ కోపం నిజమైంది, ఆనాటి కవిత్వపు నిద్ర వదిలించింది. ఆరుగురిలో నలుగురు తర్వాత 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘంలోకి నడిచారు. కాని కుళ్ళిన సమాజాన్ని తిట్టాలన్నప్పుడల్లా ఆ కవితలలో వేశ్యా, గర్భమూ, చెరచడమూ ఉపమానాలై ఎందుకొచ్చాయని నాటి విమర్శకులలో ఎందరు అడిగారు? స్త్రీవాద కవిత్వం వచ్చి, 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వెలువడేదాకా ఆ ప్రశ్నకు బలం చేకూరలేదు. అప్పుడేమైంది? పురుషుల బూతును ధర్మాగ్రహమని మెచ్చుకున్న నోళ్ళే, తమ శరీరాన్ని గురించి స్త్రీలు మామూలు మాటల్లో రాస్తే నీలికవిత్వమన్నాయి. ఆ నోళ్ళలో మనవాళ్ళవీ వున్నాయి.

మా వూరికి తిరిగి వస్తాను. తిరుపతిలో ప్రతి ఏడూ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. ఆ తర్వాత వూరివాళ్ళు పొలిమేర దాటి పోగూడదు. మరునాటినుంచి రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. బైరాగి వేషగాడు వొళ్ళంతా తెల్లగా పూసుకుని బజారున పడి, ఎదురైనవాణ్ణి ఎదురైనట్టు బూతులు తిడతాడు. పెద్ద వ్యాపారి గాని, ఉద్యోగి గాని తిట్లు తిని నవ్వాలి. అమ్మవారికి అవి దీవెనలు. కొండమీద సుప్రభాతాలు వినబడే వూళ్ళో, కొండ కింద ఈ వారం రోజులూ ఇదీ సేవ. సన్యాసి వేషమేసుకుని బూతులు తిట్టే ఈ బైరాగిని చూస్తే, మిస్టర్ నేచురల్ మనకంత కొత్తవాడు కాడనిపిస్తుంది.

మానవశాస్త్రజ్ఞుడు మాక్స్ గ్లక్‌మన్ 1954లో అచ్చయిన ఒక ఉపన్యాసంలో ఆగ్నేయ ఆఫ్రికాలోని ఇటువంటి పండుగలను వివరించాడు. జులూ స్త్రీలు పురుషుల బట్టలు కట్టి, పశువులను తోలి, బూతుపాటలు పాడే పండుగ అందులో ఒకటి. ఇవి తిరుగుబాటు తంతులే గాని తిరుగుబాట్లు కావనీ, ఇవి వ్యవస్థను కూల్చకపోగా బలపరుస్తాయనీ అతని నిర్ణయం. మనవాళ్ళు దీన్నే ఇంకొంచెం తేలిక చేసి, కుక్కరుకు ఆవిరి గొట్టంలాంటిదంటారు. బఖ్తీన్ రాబెలే మీద రాసి 1965లో అచ్చయిన గ్రంథం దీనికి ఎదురు నిలుస్తుంది: జాతర నవ్వు భయాన్ని ఓడిస్తుందనీ, పై కిందులు శాశ్వతం కావని ప్రజలకు అనుభవంలోకి తెస్తుందనీ. నేను విద్యార్థులకు ఇద్దరినీ చెబుతాను. పరీక్షకు అది చాలు. కాని ఇద్దరూ అడగనిది ఒకటుంది. ఆ ఆవిరి ఎవరి వొంటిమీద పడుతున్నది?

గంగమ్మ కథనే చూడండి. వూళ్ళో కొత్త పెళ్ళికూతుళ్ళను చెరిచే పాలెగాడొకడున్నాడు. గంగమ్మ వాడిమీదికి లేచింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి పట్టడానికి ఆమె రోజుకొక వేషం వేసింది. చివరికి దొర వేషంలో వస్తే, తనకంటె పెద్ద దొర వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు, తల తెగింది. మరునాడు మాతంగి వేషంలో పోయి వాడి భార్యను ఓదార్చిందంటారు. ఈ కథలో వేషానికి ఒక పని వుంది, హేళనకు ఒక గురి వుంది. దొర బట్టలతోనే దొరను పట్టడం. అధికారానికి అధికారపు ఆకారం తప్ప ఇంకేదీ కనబడదని ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు. మాతంగి ఓదార్పు సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చంపినవాడి ఇంటి ఆడమనిషి తన శత్రువు కాదని గంగమ్మకు తెలిసినంతగా మన వ్యంగ్య రచయితలకు తెలియదు.

అదే జాతరలో తోటి వేషం. వొళ్ళంతా బొగ్గుపొడి పూసుకుని తిరిగితే తోటి. తోటి అంటే వూరి వెట్టి చేసినవాడు. అదొక కల్పిత పాత్ర కాదు, మన వూళ్ళలో బతికిన మనిషి. దొర వేషం వేసిన పేదవాడు ఒక రోజు దొరతనాన్ని వెక్కిరిస్తాడు. తోటి వేషం వేసిన కలవాడు దేన్ని వెక్కిరిస్తున్నట్టు? మొక్కు తీర్చుకుంటున్నానంటాడు, నిజమే. కాని సాయంత్రం స్నానం చేస్తే అతని నలుపు పోతుంది. రెండు వేషాలూ ఒకే జాతరలో పక్కపక్కన నడుస్తాయి. జాతర ప్రజలదనో, కాదనో ఒక్క మాటలో తేల్చేవాళ్ళు రెంటిలో ఒకదాన్ని చూడలేదన్నమాట. (2024లో వచ్చిన 'పుష్ప' రెండవ భాగం తర్వాత మాతంగి వేషానికి దేశమంతటా ఫొటోలు పెరిగాయి. ఆ సినిమా హీరో చీర కట్టుకుని కొట్టిన దెబ్బలకు హాలు దద్దరిల్లింది. చీర కట్టుకున్నా అది హీరో కొట్టే దెబ్బేనని అందరికీ తెలుసు.)

కొన్నాళ్ళు నేనొక కొలత పెట్టుకుని తృప్తిపడ్డాను. నవ్వుకు వెల కట్టి చూడాలి అనుకున్నాను. కేతిగాడు వూరి పెద్దను ఒక మాటంటే, ఆ మేళానికి ఆ ఏడు ధాన్యం తగ్గవచ్చు, వచ్చే ఏడు ఆ వూరు పిలవకపోవచ్చు. బంగారక్కను వంద మాటలన్నా ఒక గింజ తగ్గదు. వెల చెల్లించే నవ్వు వ్యంగ్యం, చెల్లించనిది పెత్తనం. ఈ సూత్రాన్ని ఒక సభలో చెబితే చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ సూత్రం నిలవదు. మొదటిది, వెల చెల్లించినంత మాత్రాన మాట మంచిదైపోదు. పచ్చి మతద్వేషం మాట్లాడి జైలుకు పోయినవాళ్ళున్నారు. రెండవది, వెలలేని నవ్వంతా పెత్తనం కాదు. చింతపండు కొడుతూ మా అవ్వా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ తమ మొగుళ్ళను గురించి, వూరి రెడ్డిని గురించి చెప్పుకుని నవ్విన నవ్వులకు ఏ వెలా లేదు, ఎవరూ వినలేదు గనక. ఆ నవ్వును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కొలత చెడిందిగాని, దానివల్ల ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. నవ్వబడ్డ మనిషికి జవాబు చెప్పే చోటు వుందా?

ఆ ప్రశ్నతో అవ్వ దగ్గరికి పోయాను. ఆమెకు ఎనభై దాటాయి, చెవులు కొంచెం మందం, జ్ఞాపకం మాత్రం గట్టి. కేతిగాడు బంగారక్కను ఏమనేవాడో గుర్తుందా అని అడిగాను.

"వాడేమన్నాడో ఎవురికి గావాల నాయినా. అదేమనిందో అడుగు" అంది అవ్వ. "వాడు ఒకటంటే అది నాలుగనేది. తెర ఎనకాల ఆడమనిషే గదా మాట చెప్పేది. మొగోళ్ళందరూ నోరు మూసుకునేవోళ్ళు. మేము దానికి నగేవోళ్ళం."

అది విన్నాక నా నాటిక కాగితాలు తీసి మళ్ళీ చదివాను. మేళాల్లో ఆ కుటుంబాల స్త్రీలే తెర వెనక కూర్చుని స్త్రీపాత్రల పాటలూ మాటలూ అందుకుంటారని నాకు తెలుసు. తరగతిలో చెప్పాను కూడా. అయినా నేను రాసిన బంగారక్కకు జవాబులు లేవు. పది తిట్లు పడుతుంది, నడుం తిప్పుతుంది, పోతుంది. జానపదం నుంచి తెచ్చానన్నాను గాని, తెచ్చింది నేను నవ్విన సగాన్నే. అవ్వ అదే రాత్రి, అదే తెర ముందు, నా పక్కనే కూర్చుని నవ్విన సగం నాకు వినబడనేలేదు. సంప్రదాయం మీదికి నేను నెట్టిన నేరం నా సొంతం.

ఇటువంటి పాత్రలను మనకంటె ముందువాళ్ళు వాడుకోలేదా అంటే, వాడుకున్నారు. ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు హాస్యపు వంతను తీసెయ్యలేదు. కథకుడికి ఒక పక్క హాస్యం, ఒక పక్క రాజకీయం నిలబెట్టి ఒకదానికొకటి అందేట్టు ఆడించింది. నాజర్ వంటి కళాకారుడి చేతిలో ఆ హాస్యం ఎటు తిరగాలో తెలిసే తిరిగింది. హాస్యానికి పక్కనే ప్రశ్నించే గొంతు ఒకటుండడం ఆ కట్టుబాటులోని మంచి. నా నాటికలో అలాంటి గొంతు వేదికమీద లేదు, ఒక ప్రేక్షకురాలిగా రిహార్సలు గదిలో వుంది.

ఆ అమ్మాయిని పిలిచి అవ్వ చెప్పినదంతా చెప్పాను. బంగారక్కకు జవాబులు రాస్తాను, నాలుగు కాదు, పదికి పది రాస్తానన్నాను. నా ప్రాయశ్చిత్తాన్ని ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"తిరిగి తిట్టే హక్కు ఇస్తామంటా వుండారు సార్. తిట్లు పడకుండా వుండే హక్కు ఎవురిస్తారు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. బంగారక్క జాణ, ఎవరితోనైనా పోయేదన్న మాట ఆమె పేరుతోపాటే తెరమీదికొస్తుంది. జవాబులెన్ని చెప్పినా ఆ కథలోనే చెప్పాలి. అట్లాగని బంగారక్కను తీసేసి, కేతిగాడి నోరు కడిగి, శుభ్రమైన హాస్యమని ముద్ర వేసి పిల్లలకివ్వడం నాకు ఇష్టం లేదు. అది 1954 నాటి నియమావళినే మన చేత్తో రాయడం అవుతుంది. లాంపుషేడ్ల వాళ్ళు ఆ పని ఎలాగూ చేస్తున్నారు. ఈ రెంటి మధ్య నేను ఎక్కడ నిలబడాలో ఇప్పటికీ రూఢిగా తేల్చుకోలేదు.

నాటిక ఆగలేదు. ఆ అమ్మాయే, "కేతిగాడు నేనేస్తా సార్, మాటలు మేమే రాసుకుంటాము" అంది. కాగితాలు ఇచ్చేశాను. మరి బంగారక్క? మొగపిల్లల్లో ఎవరైనా వేయవచ్చునని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. ఆ గుంపులో ముగ్గురు ప్రతి ఏడూ గంగ జాతరలో చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని బజారున నడిచేవాళ్ళు. ఆ ఫొటోలు వాళ్ళ ఫోన్లలో నేను చూశాను, గర్వంగా చూపించారు. ముగ్గురూ ఒప్పుకోలేదు.

"అది మొక్కు సార్. ఇది నాటకం. అందరూ నగతారు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

చివరికి బంగారక్క వేదికమీదికి రాలేదు. తెర వెనకనుంచి ఒక ఆడగొంతు మాత్రం వచ్చింది. కేతిగాడు స్వామిని ప్రశ్నలడుగుతూ మధ్యలో ఆ గొంతుకేసి తిరిగి అలవాటు ప్రకారం ఏదో అనబోతే, "ఊ, అను. నీ పక్కన నిలబడి నగేవాడెవుడో వాని పేరు చెప్పి అను" అంది. హాల్లో ముందు వరసలో కూర్చున్న మాలో కొందరం నవ్వడానికి నోరు తెరిచాం.